కర్ర మీద గీత

మా ఇంటి అటక మీద పదిహేడు గాలపు కర్రలు ఉన్నాయి. మూడు కొన్నవి, మిగిలినవి నేను కట్టినవి. వాటన్నిటితో ఇన్నేళ్ళలో నేను పట్టిన చేపలు ఒక పెద్ద గిన్నె పులుసుకు కూడా చాలవని మా ఆవిడ ఇంటికి వచ్చిన ప్రతివారికీ చెబుతుంది. లెక్క సరైనదే కాబట్టి నేను కాదనను. పెళ్ళిలో సన్నాయి వాయించేవాడికి తాళి కట్టే పని ఉండదు. గాలపు కర్ర కట్టేవాడికి చేపతో అంతకంటే ఎక్కువ సంబంధం ఉండాలని ఎక్కడుంది?

ఈ పిచ్చి ఎప్పుడు పట్టిందో మాత్రం ఏడాదితో సహా గుర్తుంది. 1984. వేసవి సెలవులు ముగిసేసరికి మా నాన్నకు దేవరకొండ నుంచి డిండికి బదిలీ అయింది. ఆయన తెలుగు పంతులు. పుస్తకాల పెట్టెలు, నవారు మంచం, వంటసామాను ఎక్కించిన లారీలో వెనక కూర్చుని వచ్చాము. ఒక మలుపు దగ్గర ఉన్నట్టుండి నీళ్ళు కనిపించాయి. నిజాం కాలంలో, 1940లలో కట్టిన జలాశయం అది. జూన్ నెల కాబట్టి అడుగంటి, చుట్టూ నెర్రెలిచ్చిన మట్టి బయటపడి ఉంది. అయినా అప్పటివరకు నీళ్ళంటే చేదబావి, వీధి చివర బోరింగు అనుకున్నవాడిని. అంత నీరు ఎవరూ కాపలా లేకుండా ఆరుబయట పడి ఉండడం నాకు వింతగా తోచింది.

పది రోజులు తిరగకుండానే ఆ ఊరి పిల్లలతో కలిసి గాలం వేయడం మొదలుపెట్టాను. కిరాణా కొట్టులో తంగూసు దారం మూరల లెక్కన కొలిచి ఇచ్చేవాడు. ముల్లు పది పైసలో పదిహేను పైసలో. కొబ్బరిచిప్పలో తడిమట్టి, అందులో ఎర్రలు. ఇక బెండు. దానికి మాకు ఖర్చే లేదు. మా నల్గొండ, పాలమూరు జిల్లాల పిల్లలకు దేవుడిచ్చిన ఆటసామాను జొన్నబెండు. ఎండిన జొన్నదంటు పైతోలు పళ్ళతో చీల్చి లాగితే లోపల తెల్లగా, మెత్తగా, దూది కంటే తేలికగా బెండు వస్తుంది. తోలు పెదవిని కోస్తుంది, అది వేరే సంగతి. దానితో ఎడ్లబండి చేయవచ్చు, కళ్ళజోడు చేయవచ్చు, తంగూసుకు గుచ్చి నీళ్ళ మీద తేలించవచ్చు. గంటసేపు నానితే అదే మెల్లగా మునగడం మొదలుపెడుతుంది. చేప లాగిందనుకుని మేము గట్టిగా ఎత్తేవాళ్ళం. ఖాళీ ముల్లు గిర్రున తిరిగి వచ్చి ఎవరి చొక్కాకో తగులుకునేది.

లోటల్లా కర్రతోనే. నా మొదటి కర్ర కందికట్టె. రెండో పరక చేప పడగానే ఫట్‌మని విరిగింది. తరువాత సీమతుమ్మ కొమ్మ. అది విరగదు, కానీ వంగదు కూడా. చేప లాగిన సంగతి చేతికి తెలిసేలోపే ఎర తినేసి వెళ్ళిపోయేది.

రోడ్డు పక్కన ఒక మేదరి తాత ఉండేవాడు. బుట్టలు, చేటలు, తట్టలు, వడ్ల గుమ్ములు అల్లేవాడు. నల్లమల నుంచి వచ్చిన వెదురు ఆయన ఇంటి గోడకు ఆనించి ఉండేది. నిలువునా చీల్చిన బద్దలు నీళ్ళ తొట్టిలో నానుతూ ఉండేవి. ఆ నీటి వాసన ఇప్పటికీ చెప్పగలను. పులిసిన గంజికి, పచ్చిగడ్డికి మధ్య ఎక్కడో ఉంటుంది. ఒకరోజు వెళ్ళి గాలం కట్టెకు వెదురు కావాలన్నాను.

"పంతులు కొడుకువి, నీకు గాలం ఎందుకు బిడ్డా?" అన్నాడు ముందు. నేను కదలకపోయేసరికి, "వానాకాలం వెదురు తియ్యగా ఉంటుంది. పురుగు ఊరుకోదు. కార్తీకం పోయాక రా" అన్నాడు.

ఆయన మాట అక్షరాలా నిజమని చాలా ఏళ్ళకు చదువుకున్నాను. వానల్లో పెరుగుతున్న వెదురులో చక్కెర, పిండిపదార్థం ఎక్కువగా ఉంటాయి. తొలిచే పురుగుకు కావలసింది అదే. అందుకే చలికాలంలో కోస్తారు, కోసిన వెదురును నీళ్ళలో నానబెట్టి ఆ తీపి వదిలిస్తారు. కానీ జూలైలో పన్నెండేళ్ళ పిల్లవాడికి కార్తీకం అంటే ఎంత దూరం! రోజూ బడి వదలగానే వెళ్ళి ఆయన ముందు కూర్చునేవాడిని. ఏమీ అడిగేవాడిని కాదు, కూర్చునేవాడిని, అంతే. నా పోరు పడలేక వారం తరువాత లేచాడు.

ఎలా ఎంచాడో చెప్పాలి. బొటనవేలి కంటే కాస్త లావు ఉన్నవి నాలుగు తీశాడు. మన అడవుల్లో దొరికే ఒక రకం వెదురుకు లోపల గుల్ల చాలా తక్కువ, సన్నవాటిలో దాదాపు ఉండదు. ఆ రకం. ఒక్కొక్కదాన్ని కంటికి ఆనించి, ఒక కన్ను మూసి చివరిదాకా చూశాడు. రెండు పక్కన పడేశాడు. మూడోదాని మొదలు నేల మీద ఆనించి, కొనను ఎడమ అరచేతిలో వదులుగా పట్టుకుని, కుడి అరచేతితో నడుమ నొక్కుతూ మెల్లగా దొర్లించాడు. వెదురు కొంతదూరం బుద్ధిగా దొర్లి, ఒకచోట తనంతట తానే గబుక్కున తిరిగి పడుకుంది. మళ్ళీ దొర్లించాడు. మళ్ళీ అక్కడే పడుకుంది.

"చూశావా? ఎటు దొర్లించినా అటే పడుకుంటుంది. అది దాని మొగ్గు" అన్నాడు. కత్తి మొనతో మొదలు దగ్గర చిన్న గీత పెట్టాడు. "గాలం వేసేటప్పుడు ఈ గీత పైకి ఉండాలి."

తరువాత కుంపటి. బొగ్గుల మీద వెదురును అంగుళం అంగుళం కాచుతుంటే కణుపుల దగ్గర నీరు చిటపటమంటూ పైకి వచ్చేది. గుడ్డతో తుడిచి, మోకాలికి ఆనించి వంకర సరిచేసి, తడిగుడ్డ చుట్టి చల్లారేదాకా అలాగే పట్టుకునేవాడు. ఆకుపచ్చ కర్ర తేనెరంగుకు తిరిగింది. నునుపు చేద్దామని నేను గాజుపెంకుతో గీకబోతే చేతిమీద ఒకటి వేశాడు. "తోలు ముట్టుకోకు. బలమంతా తోలులోనే ఉంది." కణుపులు మాత్రం తానే సరిచేసి, కొనకు నూలుదారం చుట్టి లక్క కరిగించి పూశాడు. చివరికి ఆముదం పట్టించాడు. బొంబాయిలో మట్టిపనికి పోయిన కొడుకుకు కార్డు రాసిపెట్టడం, అదే నేను ఇచ్చిన కూలి. "బాగున్నాము, వానలు పడ్డాయి, పండక్కి రా" అని మూడు ముక్కలు చెప్పాడు. నేను పంతులు కొడుకును కాబట్టి కార్డు నిండా రాశాను.

ఆ కర్రతో ఆ ఏడు నేను పట్టినన్ని చేపలు మళ్ళీ ఎప్పుడూ పట్టలేదు. పరకలు, జెల్లలు, అలుగు పారిన రోజుల్లో ఎదురెక్కిన చిన్న చేపలు. వేలెడంత పరక ముల్లును ముక్కుతో పొడిచినా అరచేతిలో తెలిసేది. అటక మీద ఉన్న పద్నాలుగు కర్రలు ఆ ఒక్క పొడుపు కోసం కట్టినవే. ఈ మాట మా ఆవిడకు ఇంతవరకు చెప్పలేదు.

సంక్రాంతి సెలవుల్లో కొర్రమీను పడింది. తుంగ పక్కన, పొద్దున్నే, చిన్న కప్పను ఎరగా గుచ్చి వేశాను. బెండు మునగలేదు, మాయమైంది. రెండు చేతులతో కర్ర ఎత్తాను. చేప తుంగలోకి దూరింది. పక్కకు లాగాను. కర్ర నా చేతుల్లోనే తిరిగిపోయింది. మూడో కణుపు మీద చప్పుడైంది, పెద్దది కూడా కాదు, చెరుకు విరిచినట్టు. సగం కర్రతో సహా కొర్రమీను వెళ్ళిపోయింది. నడుములోతు నీళ్ళలో నిలబడి చేతిలో మిగిలిన ముక్కను చూశాను. విరిగిన నోటినుంచి పసుపుపచ్చని పొడి రాలింది.

తాత ఆ ముక్కను తిప్పి చూశాడు. "గీత ఎటు ఉంది?"

"కిందికి తిరిగింది తాతా."

"ఊఁ. పొడి కూడా ఉంది." నవ్వాడు. "కార్తీకం పోయాక రమ్మన్నాను కదా. పోయింది. ఇప్పుడు రా."

వెళ్ళలేదు. తడిసిన బట్టలతో ఇంటికి వచ్చినందుకు నాన్న ముందు కొట్టి, తరువాత ఈత రానివాడు చెరువులో దిగితే ఏమవుతుందో గంటసేపు చెప్పి, పరీక్షలు అయ్యేదాకా అటు పోవద్దన్నారు. పరీక్షలు అయ్యాయి. వేసవిలో మళ్ళీ బదిలీ, ఈసారి నల్గొండకు.

ఆ తరువాత పాతికేళ్ళలో చెప్పుకోదగిన విశేషాలు లేవు. చదువు, ఉద్యోగం, పెళ్ళి, ఇల్లు, అప్పు.

2009లో ఒక రాత్రి నిద్రపట్టక కంప్యూటర్ ముందు కూర్చుని, గాలపు కర్రలను ఇంట్లోనే కట్టుకునేవాళ్ళు ఉంటారని చూశాను. ఒకాయన నల్లని కార్బన్ గొట్టం మొదలు బల్ల మీద ఆనించి, కొనను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో నడుమ నొక్కుతూ దొర్లిస్తున్నాడు. అది కొంతదూరం దొర్లి గబుక్కున తిరిగి పడుకుంది. ఆయన అక్కడ తెల్ల పెన్సిలుతో గీత పెట్టాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. లేచి ఏమి చేయాలో తెలియక మంచినీళ్ళు తాగి మళ్ళీ కూర్చున్నాను.

వాళ్ళు దానిని వెన్నెముక అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. నాకు మాత్రం అది మొగ్గే. వెదురుకైతే మొగ్గు ఉండడం సహజం, ఎండవైపు, గాలివైపు పెరిగిన ప్రాణి అది. కార్ఖానాలో తయారైన గొట్టానికి మొగ్గు ఏమిటి? సంగతి ఏమిటంటే, కార్బన్ పీచు పరచిన పలుచని రేకును సన్నని ఉక్కు కడ్డీ చుట్టూ చుట్టి, వేడిలో గట్టిపరచి, కడ్డీని బయటికి లాగేస్తారు. రేకు అంచు ఒకదాని మీద ఒకటి పడిన వైపు కాస్త మందం. ఆ వెంట్రుకవాసి తేడాకే గొట్టం ఒక పక్కకు మొగ్గుతుంది. కార్ఖానా కర్రకు కూడా మొగ్గు తప్పలేదన్నమాట. దీన్ని తలుచుకుంటే నాకు ఎందుకో సంతోషంగా ఉంటుంది.

ఆ గొట్టాన్ని బ్లాంక్ అంటారు. నేను తెప్పించిన మొదటిది కొన దగ్గర చితికి వచ్చింది. పంపినవాడు దారిలో విరిగిందన్నాడు, తెచ్చినవాడు అలాగే ఇచ్చారన్నాడు. నేను ఇద్దరినీ నమ్మి డబ్బులు పోగొట్టుకున్నాను. రెండోది బాగా వచ్చింది. ఏడడుగులది.

ఇక పని. మొదలుకు కార్కు చక్రాలు ఎక్కించి, అంటించి, గరుకు కాగితంతో రుద్ది పిడి చేయాలి. రీలు బిగించే సీటు పెట్టాలి. దారం పోయే రింగులు అడుగుకు ఒకటి చొప్పున, కొనకు ఇంకొకటి. రింగు ఎక్కడ కట్టాలో ముందే తేల్చకూడదు. ఊరికే తాత్కాలికంగా నిలిపి, దారం పోనిచ్చి, చివర బరువు కట్టి కర్రను వంచి చూడాలి. దారం కర్ర వంపు వెంటే పోవాలి. ఎక్కడైనా అడ్డదారి తొక్కి కర్రను తాకితే అక్కడ రింగు జరపాలి, చాలకపోతే ఇంకొకటి చేర్చాలి. తాత్కాలికంగా నిలపడానికి విదేశీయులు ఏవో చిన్న రబ్బరు పట్టీలు వాడతారు. మన సైకిలు వాల్వు ట్యూబును ముక్కలుగా కోస్తే అంతకంటే బాగా పట్టుకుంటుంది. సైకిలు షాపాయన నాకు ఎన్ని సైకిళ్ళు ఉన్నాయని ఒకసారి అడిగాడు కూడా.

రింగు పాదాల మీద దారం చుట్టడం అసలు విద్య. చుట్టు పక్కన చుట్టు, సందు లేకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా. దారానికి ఎప్పుడూ ఒకే బిగువు ఉండాలి. దానికి ఉపాయం, దారాన్ని లావు పుస్తకం పేజీల మధ్యనుంచి లాక్కోవడం. నేను నాన్న నిఘంటువు వాడాను. అప్పటికి ఆయన లేరు. కర్రను తిప్పుతుంటే దారం నిఘంటువులోంచి సన్నగా రాసుకుంటూ వచ్చేది. బిగువు చాలకపోతే పైన ఇంకో పుస్తకం పెట్టేవాడిని. చెరువు వైపు పోవద్దన్న మనిషి పుస్తకం చివరికి ఈ పనికి వచ్చింది. చివరి ఏడెనిమిది చుట్ల కింద ఒక మడత దారం ముందే పెట్టుకుని, కోసిన కొసను అందులో దూర్చి లాగేస్తే ముడి కనిపించదు. మొదటి రింగుకు నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఆలేరు ప్రాంతంలో తల్లి పడే బాధ చూడలేక చీర నేతకు ముందు దారం పోసే ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గుర్తుకు వచ్చారు. చేయి అటూ ఇటూ ఆడించి దారం పోయడం ఎంత భుజంనొప్పో అప్పుడు కొంచెం, చాలా కొంచెం తెలిసింది.

దారం కూడా మనదే వాడాలని పట్టుదల పుట్టింది. వాళ్ళు నైలాన్ దారం వాడతారు. పూర్వం వెదురు బద్దలతో కర్రలు కట్టే కాలంలో పట్టుదారమే వాడేవారట. పోచంపల్లి నుంచి కాస్త ఎర్ర పట్టు, కాస్త తెల్ల పట్టు తెచ్చుకున్నాను. పూత పడగానే తెల్ల పట్టు కళ్ళముందే మాయమైంది, గాజులా మారి కింద నలుపు కనిపించసాగింది. ఎరుపు ముదిరి నేరేడుపండు రంగుకు తిరిగింది. ముందే తెలిసి ఉంటే రంగు నిలిపే పూత ఒకటి కింద వేసేవాడిని. తెలియకపోవడమే మంచిదైంది.

ఆ పైపూత ఎపాక్సీ. రెండు ద్రవాలను ఇంజెక్షన్ సిరంజీలతో సరిసమానంగా కొలిచి కలపాలి. మా నల్గొండ మే నెలలో కలిపేలోపే చిక్కబడిపోతుంది కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికి లేచి పూసేవాడిని. జూలైలో పూస్తే గాలిలో తేమకు పైన పాలమీగడలా తెల్లని పొర కట్టి, వారమైనా జిగురు వదలలేదు. గీకేసి మళ్ళీ పూశాను. పూసిన తరువాత గంటలకొద్దీ కర్ర మెల్లగా తిరుగుతూనే ఉండాలి, లేకపోతే పూత ఒకవైపు కారి బొట్టు కడుతుంది. పాడైపోయిన మైక్రోవేవ్ పొయ్యిలో పళ్ళెం తిప్పే చిన్న మోటారు ఉంటుంది, అది నిమిషానికి ఐదారు చుట్లు తిరుగుతుంది. దానికి బిగించాను. పొయ్యి నిజంగా పాడైందా అని మా ఆవిడకు ఇప్పటికీ అనుమానం.

మొగ్గు సంగతిలో కట్టేవాళ్ళ మధ్య పెద్ద గొడవలే ఉన్నాయి. రింగులు మొగ్గుకు ఇటు కట్టాలని కొందరు, అటు అని కొందరు, మొగ్గు సంగతి మరిచిపోయి కర్ర తిన్నగా కనిపించే వైపు కట్టమని ఇంకొందరు. మూడు రకాలూ కట్టి చూశాను. చేపలకు తేడా తెలిసినట్టు లేదు. అయినా దొర్లించకుండా, గీత పెట్టకుండా నేను ఒక్క కర్రా కట్టలేదు.

మొదటి కర్రతో నల్గొండ పక్కనే ఉన్న పానగల్లు చెరువుకు వెళ్ళాను. పూర్వం ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల నాటి ఉదయసముద్రం అది. ఇప్పుడు కృష్ణ నీళ్ళతో నిండుతుంది. చెరువులో చేపల మీద హక్కు మత్స్యకారులది. అందుకే ముందు వాళ్ళను అడిగి, పెద్దది పడితే వాళ్ళకే ఇస్తానని చెప్పాను. ఒక పెద్దాయన కర్రను చేతిలోకి తీసుకుని ఊపి చూసి, దారం చుట్లను గోటితో తడిమి, "ఎంత పడింది సారూ?" అన్నాడు. చెప్పాను. "ఈ డబ్బుకు రెండు వలలు వచ్చేవి" అని చాలా మర్యాదగా తిరిగి ఇచ్చాడు. నేను వాళ్ళకు ఇవ్వవలసిన పెద్ద చేప ఇంతవరకు పడలేదు. ఒకసారి ఎర్రని పిల్లల గుంపు నీటిపైకి తేలుతూ మునుగుతూ కనిపించింది. వాటి కింద కొర్రమీను కాపలా ఉంటుంది. అప్పుడు గాలం వేస్తే తప్పకుండా పడుతుంది. పిల్లలను వదలదు కాబట్టి పడుతుంది. దారం చుట్టేసి ఇంటికి వచ్చాను.

నాలుగేళ్ళ క్రితం డిండి వెళ్ళాను. తాత ఇల్లు ఉన్నచోట టైర్లకు గాలి కొట్టే దుకాణం ఉంది. ఆ కుటుంబం ఎప్పుడో బొంబాయి వెళ్ళిపోయిందన్నారు, ఎవరికీ వివరం తెలియదు. నేను రాసిన కార్డులోని చిరునామా గుర్తు తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. నా చేతిరాత గుర్తుంది, చిరునామా లేదు.

నల్లమలలో మావైపు అడవి ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అక్కడ వెదురు మీద చేయి వేయడానికి లేదు. అచ్చంపేట దగ్గర ఒక మిత్రుడి పొలం గట్టున గుల్ల తక్కువ ఉన్న వెదురు పొద ఉందని తెలిసింది. మార్గశిరంలో వెళ్ళి నాలుగు కోసుకున్నాను. పదిహేను రోజులు నీళ్ళ తొట్టిలో నానబెట్టాను. అదే వాసన. నీడన ఆరబెట్టి, కుంపటి మీద కాచి, వంకరలు తీశాను. రెండు కణుపుల దగ్గర మాడ్చాను. తోలు గీకలేదు. అరచేతితో దొర్లిస్తే నాలుగింటిలో మూడు వెంటనే పడుకున్నాయి. నాలుగోది ఎంతకీ తేలలేదు, పక్కన పడేశాను. రింగులు కట్టలేదు, రీలు పెట్టలేదు. కొనకు మిగిలిన ఎర్ర పట్టు చుట్టాను. ఆముదం పట్టించాను.

అప్పుడు తట్టిందొకటి. రింగులు కట్టిన కర్రను తప్పుగా పట్టుకునే వీలే లేదు, రింగులు ఉన్నవైపును బట్టి చేయి తనంతట తానే తిరుగుతుంది. గీత అవసరమయ్యేది రింగులు లేని కర్రకే. కత్తి మొనతో మొదలు దగ్గర పెట్టాను.

ఆ కర్ర మా చెల్లెలి కొడుకుకు ఇచ్చాను. వాడికి పదకొండేళ్ళు. మొన్న మృగశిర కార్తె నాడు, ఊరంతా చేపల కోసం అంగళ్ళ ముందు వరుసలో నిలబడి ఉంటే, మేమిద్దరం పానగల్లు కట్ట కింద కూర్చున్నాము. బెండు జొన్నబెండే. దాన్ని సంపాదించడానికి మూడు ఊళ్ళు తిరిగాను, జొన్న వేసేవాళ్ళే కరువయ్యారు.

"మామా, ఈ గీత ఎందుకు?" అన్నాడు.

"అది పైకి ఉండాలి."

"ఎందుకు?"

మొగ్గు గురించి ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను. బెండు ఒకసారి వణికింది, పక్కకు జరిగింది, మునిగింది. వాడు రెండు చేతులతో ఎత్తాడు. కర్ర మధ్యదాకా వంగి, ఒక్క క్షణం ఆగి, మెల్లగా లేచింది. గాలంలో అరచేయంత జిలేబి చేప తన్నుకుంటోంది. వాడు కేకలు పెడుతూ కర్రను అటూ ఇటూ ఊపుతున్నాడు, నేను చేపను పట్టుకోబోయి మోకాళ్ళ మీద పడ్డాను.

ముల్లు తీశాక చూశాను. గీత కిందికే ఉంది.